టికెట్టు కొన్నవాళ్ళ ఓపిక

చిన్నప్పుడు నాంపల్లి నుమాయిష్‌కి వెళ్తే నా పేచీ అంతా మౌత్ కా కువా కోసమే. చెక్కలతో కట్టిన పెద్ద బావి. పైన అంచు చుట్టూ మనం నిలబడతాం, లోపల మోటార్ సైకిలు గోడ మీద అడ్డంగా తిరుగుతుంది. నడిపేవాడు అంచుదాకా వచ్చి, హ్యాండిల్ వదిలేసి, మనం చాచిన పది రూపాయల నోటు లాక్కుపోతాడు. బండి దగ్గరికొచ్చినప్పుడల్లా కాళ్ళ కింద చెక్కలు గడగడా ఊగుతాయి. ఒకసారి జనం సరిపడా రాలేదని ఎంతసేపటికీ ఆట మొదలుపెట్టలేదు. ఊరికే ఇంజను గుర్రుమనిపిస్తూ కూచున్నారు. పావుగంటయ్యేసరికి పైనుంచి ఈలలు, "పైసా వాపస్" అని కేకలు. నేనూ అరిచాను. నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. కింద నిలబడ్డ మనిషి ఓసారి తలెత్తి మా అందరినీ చూసి, నోట్లో ఉన్న పాన్ ఉమ్మేసి బండెక్కాడు. ఆ రోజు ఏమీ కాలేదు. ఆట బాగానే జరిగింది, నా నోటు కూడా తీసుకెళ్ళాడు.

అతను అలా తలెత్తి చూడటం మళ్ళీ చాలా ఏళ్ళకి, 1909, 1910ల్లో జరిగిన విమానాల పోటీల గురించి చదువుతుంటే గుర్తొచ్చింది.

ఆ పోటీల గురించి ఎవరు రాసినా రెండు మాటలు తప్పకుండా రాస్తారు. పోటీలు పెట్టబట్టే విమానం అంత త్వరగా ఎదిగిందన్నది ఒకటి. ఆ పోటీ పిచ్చిలోనే అంతమంది కుర్రాళ్ళు చచ్చిపోయారన్నది రెండోది. మొదటి మాటతో నాకు పెద్ద పేచీ లేదు. రెండోదానిలో మాత్రం తప్పు ముద్దాయిని బోనెక్కించారని నా వాదన. నాకు తెలిసినంతలో పోటీ చాలామందిని కాపాడింది కూడా. చంపినవాటిలో పెద్ద వాటా టికెట్టుది. అంటే ఫలానా రోజు, ఫలానా టైముకి విమానం ఎగురుతుందని డబ్బు తీసుకుని జనాన్ని కూచోబెట్టడం.

ముందు పోటీ సంగతి చూద్దాం. 1909 ఆగస్టు 22 నుంచి 29 దాకా ఫ్రాన్సులో రీమ్స్ ఊరి బయట, బెతెనీ మైదానంలో ప్రపంచంలోనే మొదటి పెద్ద విమానాల పోటీ జరిగింది. షాంపేన్ తయారుచేసే ఊరు. బహుమతుల డబ్బులో సింహభాగం ఆ కంపెనీలదే, మొత్తం రెండు లక్షల ఫ్రాంకులు. ఫ్రెంచి పైలట్ బ్లెరియో విమానంలో ఇంగ్లిష్ చానల్, అంటే ఫ్రాన్సుకీ ఇంగ్లండుకీ మధ్య సముద్రం, దాటి అప్పటికి నెల రోజులే అయింది. అందుకని జనం విరగబడి వచ్చారు, వారం మొత్తానికీ ఐదు లక్షల దాకా అంటారు. గ్యాలరీలు, హోటలు, బ్యాండు మేళం, టెలిగ్రాఫ్ ఆఫీసు, అన్నీ కట్టారు. మొదటి రోజు వాళ్ళు ఆపలేకపోయింది ఒక్కటే, వాన. పొద్దున్నుంచీ కుండపోత, మైదానం బురద బురద. నిర్వాహకులు నల్లజెండా ఎత్తారు. నల్లజెండా ఉందంటే ఎగరడం లేదని అర్థం. సిల్కు గౌన్ల ఆడవాళ్ళు చీలమండల దాకా బురదలో దిగబడి కాచుకున్నారు. సాయంత్రానికి గాలి తగ్గింది, మబ్బు విడింది, ఒకేసారి ఏడు విమానాలు ఆకాశంలో కనిపించాయి. అంతకుముందు భూమ్మీద ఎవరూ చూడని దృశ్యం అది.

నాకా ఏడు విమానాల కంటే నల్లజెండా ముఖ్యం. ఎందుకు ఎగరడం లేదో జనానికి చెప్పే ఏర్పాటు అది. పైలట్‌కి అదొక రక్షణ. "నేను భయపడి ఆగలేదు, జెండా అలా ఉంది" అనుకోవచ్చు.

పోటీ నియమాలు కూడా అలాంటివే. దూరం పోటీకి మూడు రోజులిచ్చారు, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు ఎగరొచ్చు. వేగం పోటీ, అంటే గోర్డన్ బెన్నెట్ కప్పు, శనివారం ఒక్కరోజే పెట్టారు. కానీ ఆ రోజులో ఏ గంటకి ఎగరాలో ఎవరిష్టం వాళ్ళది. అమెరికా నుంచి వచ్చిన గ్లెన్ కర్టిస్ పొద్దున్నే వెళ్ళాడు. బ్లెరియో సాయంత్రం దాకా ఇంజనుతో కుస్తీ పట్టి అప్పుడు వెళ్ళాడు. 20 కిలోమీటర్లు, రెండు చుట్లు. కర్టిస్‌కి 15 నిమిషాల 50 సెకన్ల పైచిలుకు పట్టింది. బ్లెరియోకి అంతకంటే ఐదున్నర సెకన్లు ఎక్కువ. గంటకి 75 కిలోమీటర్ల వేగం. ఇవాళ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ వేగంతో పోతే వెనక లారీవాడు హారన్ కొడతాడు.

కర్టిస్ ఎలా గెలిచాడన్నది చూడండి. అతనికున్నది ఒక్కటే విమానం. అది విరిగితే వచ్చిన దారినే ఓడెక్కి పోవాలి. అందుకని వారమంతా మిగతావాళ్ళు రకరకాల బహుమతుల కోసం ఎగురుతుంటే అతను చాలామటుకు షెడ్డులోనే ఉన్నాడు. ఒక దశలో మైదానంలో డజను విమానాలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయని తర్వాత తనే రాసుకున్నాడు. కొన్ని తునాతునకలైనవి, కొన్ని చెడిపోయి గుర్రాలతో, మనుషులతో షెడ్లకి లాగించుకుంటున్నవి. అతని విమానం మాత్రం భద్రంగా ఉంది. గెలవాలన్న ఆశే అతన్ని నేల మీద కూచోబెట్టింది.

ఇంకా బాగా నచ్చిన మనిషి హెన్రీ ఫర్మాన్. దూరం పోటీలో అంతకుముందే లాథమ్ అనే పైలట్ తన అందమైన ఆంటోనెట్ విమానం మీద 150 కిలోమీటర్లు దాటించేశాడు. ఆంటోనెట్‌ని ఫొటోలో చూసినా ముచ్చటేస్తుంది, సన్నటి పడవకి రెక్కలు తొడిగినట్టుంటుంది. ఫర్మాన్‌ది పెట్టె గాలిపటంలాంటి విమానం. దానికి కొత్తగా నోమ్ ఇంజను బిగించాడు. ఈ ఇంజను విచిత్రమైనది. సిలిండర్లతో సహా మొత్తం ఇంజనే ప్రొపెల్లర్‌తోపాటు గిరగిరా తిరుగుతుంది. ఆ తిరుగుడుకి గాలి తగిలి దానంతటదే చల్లబడుతుంది. నీళ్ళూ రేడియేటరూ అక్కర్లేదు. అందులో కందెనగా పోసేది మన ఆముదమే. కాలిన ఆముదం పైలట్ బట్టలనిండా, మొహంనిండా చిందేది. శుక్రవారం సాయంత్రం నాలుగు దాటాక ఫర్మాన్ బయల్దేరాడు. నేలకి కొద్ది మీటర్ల ఎత్తున, తొందర లేకుండా, గానుగెద్దులా చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. మిగతావాళ్ళు దిగిపోయారు, ఇతను తిరుగుతూనే ఉన్నాడు. చీకటి పడింది, ఇంకా తిరుగుతున్నాడు. ఏడున్నరకి అధికారులు గడియారం ఆపేసేసరికి లెక్కకొచ్చింది 180 కిలోమీటర్లు, 3 గంటల 5 నిమిషాలు. వారంలోకెల్లా పెద్ద బహుమతి, 50,000 ఫ్రాంకులు, అందరికంటే ఎక్కువ విసుగు పుట్టించినవాడికి వెళ్ళింది.

నా వాదన అంతా ఈ మూడు గంటల్లో ఉంది. ఇదే మనిషి అదే సాయంత్రం టికెట్ల ఆటలో ఎగిరి ఉంటే పదో చుట్టుకి జనం ఈలలేసి ఉండేవాళ్ళు. పైకి పో, వంగు, మా తల మీదుగా రా అనేవాళ్ళు. పోటీలో గడియారమే జడ్జి, దానికి విసుగు పుట్టదు.

రీమ్స్‌లో ప్రమాదాలు లేవని కాదు. రోజుకి కొన్ని చొప్పున జరిగాయి. బ్లెరియో చివరి రోజు కూలిపోయాడు, విమానం మంటల్లో బూడిదైంది, చేతులు కాలాయి. కానీ ఆ వారంలో ఒక్క పైలట్ కూడా చనిపోలేదు. తక్కువ ఎత్తు, తక్కువ వేగం కాబట్టి బతికారని అనొచ్చు, అందులో నిజం ఉంది. అదే విమానాలు, అదే మనుషులు, కొద్ది నెలల తేడాతో వేరే చోట్ల ఏమయ్యారో చూస్తే మాత్రం ఆ జవాబు చాలదనిపిస్తుంది.

బ్లెరియోనే తీసుకోండి. 1909 డిసెంబర్‌లో ఇస్తాంబుల్‌లో ప్రదర్శన. అక్కడ పోటీ లేదు, ప్రత్యర్థి లేడు, గడియారం పట్టుకున్న జడ్జీ లేడు. గాలి విసురుగా ఉంది. జనం కాచుకుని కాచుకుని చికాకు పడుతున్నారు. ఆ చికాకు చల్లార్చడానికి గాలిలోనే లేచాడు, ఒక ఇంటి కప్పు మీద పడ్డాడు. పక్కటెముకలు విరిగి మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. చానల్ దాటినప్పుడు, రీమ్స్‌లో కాలినప్పుడు మానని మనిషి, ఆ కప్పు మీద నుంచి దిగాక పోటీల్లో ఎగరడం మానేసి విమానాలు తయారుచేసుకుంటూ కూచున్నాడు.

ఇంగ్లండులో 1909 అక్టోబర్‌లో ఇంకో చిత్రం జరిగింది. డాన్‌కాస్టర్, బ్లాక్‌పూల్ అని రెండు ఊళ్ళు, మా ఊళ్ళో ముందంటే మా ఊళ్ళో ముందని, ఇంచుమించు ఒకే వారంలో విమానాల సభలు పెట్టుకున్నాయి. అక్టోబర్‌లో ఆ దేశంలో గాలీ వానా తప్ప ఏముంటాయి? టికెట్లు అమ్మేశారు కాబట్టి ఆపడానికి లేదు. డాన్‌కాస్టర్‌లో కోడీ అనే ఆయన ఇసుకలో చక్రం దిగబడి విమానం విరగ్గొట్టుకున్నాడు. ఈయన అమెరికాలో పుట్టినవాడు, కౌబాయ్ టోపీ పెట్టుకుని తిరిగేవాడు. అక్కడే, జనం ముందు, బ్యాండు వాయిస్తుండగా బ్రిటిష్ పౌరసత్వం కాగితాల మీద సంతకం చేశాడు. ఎగిరేది లేనప్పుడు జనాన్ని కూచోబెట్టడానికి ఇంతకంటే మంచి ఐటమ్ దొరకదు మరి. బ్లాక్‌పూల్‌లో లాథమ్, మిగతా అందరూ షెడ్లలో ఉండగా, తుఫానులాంటి గాలిలో పైకి లేచాడు. ఎదురుగాలికి విమానం ఉన్నచోటే నిలబడ్డట్టు కనిపించేదట, గాలి వాలుకి తిరగ్గానే బాణంలా దూసుకుపోయేదట. అదృష్టవంతుడు, క్షేమంగా దిగాడు. అందరూ ఆహా అన్నారు. ఆ ఆహాలతోనే నాకు గొడవ. అది విన్న తర్వాతివాడు గాలి బాగాలేదని ఆగగలడా?

1910 జూలై 12. ఇంగ్లండులోనే బోర్న్‌మత్ సభ. చార్లెస్ రోల్స్, అవును, రోల్స్ రాయిస్ కార్లలో మొదటి సగం ఆయనే, వయసు 32. నెల కిందటే చానల్‌ని ఆగకుండా వెళ్ళి ఆగకుండా తిరిగొచ్చినవాడు. ఆ రోజు పందెం ఏమిటంటే, గ్యాలరీ ముందు గీసిన గుర్తుకి ఎంత దగ్గరగా దిగగలరు అని. నన్నడిగితే ఇది పోటీ వేషం వేసుకున్న సర్కస్. దూరమూ వేగమూ మైదానం అవతలి చివర కూడా కొలవొచ్చు. ఈ పందెం గ్యాలరీవాళ్ళకి దగ్గరగా కనబడటానికే పుట్టింది. గాలి ఆటుపోట్లుగా ఉంది. రోల్స్ గ్యాలరీ వైపు నుంచి నిటారుగా దిగుతూ, గుర్తు దాటిపోకుండా ఉండాలని విమానం ముక్కు పైకి లాగాడు. ఆ మధ్యనే కొత్తగా బిగించిన తోక భాగం ఆ లాగుడికి విరిగిపోయింది. జనం కళ్ళ ముందే పడ్డాడు. ఇంజను విమాన ప్రమాదంలో చనిపోయిన మొదటి బ్రిటిష్ వాడు.

యంత్రం తప్పు లేదా అంటే ఉంది, బోలెడుంది. 1910 జనవరిలో డెలగ్రాంజ్ అనే ఫ్రెంచి పైలట్ బోర్డో దగ్గర తన బ్లెరియో విమానానికి మామూలుదాని కంటే రెట్టింపు బలమైన ఇంజను బిగించాడు, రెక్కలు మాత్రం పాతవే. గాలిలో రెక్క ముడుచుకుంది. ఆ రెక్కల బలహీనత ఎక్కడుందో బ్లెరియో స్వయంగా ఫ్రెంచి సైన్యానికి రాసిచ్చింది 1912లో. రెక్కని కింది నుంచి గాలి ఎత్తుతుందని కింది తీగలు గట్టిగా కట్టారు. విమానం ముక్కు దించినప్పుడు పైనుంచి పడే భారం సంగతి ఎవరూ సరిగ్గా లెక్కెయ్యలేదు, పై తీగలు చాలలేదు. సైన్యం ఆ రకం విమానాలన్నీ కొన్నాళ్ళు ఆపి తీగలు మార్పించింది. చిన్న సంగతే, కానీ అది తెలిసేలోపు ఎన్ని ప్రాణాలో. ఇలాంటివి టికెట్టు మీదా పోటీ మీదా వెయ్యలేం.

ఇక అమెరికా. రైట్ సోదరులు 1910లో ప్రదర్శన జట్టు పెట్టారు. పైలట్‌కి వారానికి 20 డాలర్లు, ఎగిరిన రోజుకి ఇంకో 50. ఎగరని రోజుకి ఆ యాభై లేవు. ఈ ఒక్క లెక్క చాలు, మిగతాదంతా ఎలా జరిగిందో అర్థం కావడానికి. పాపం విల్బర్ రైట్‌కి భయం లేకపోలేదు. జట్టులోని హాక్సీకి ఉత్తరం రాశాడు, విన్యాసాలు వద్దు, రోజుకి పది పదిహేను నిమిషాలు సాదాగా ఎగరండి, గ్యాలరీకి దూరంగా, లోపలి కంచె దాటకుండా, 300 అడుగులకి మించకుండా చాలు అని. అంటే ఫర్మాన్‌లాగా ఎగరమని. కానీ ఊరూరా పోస్టర్లు వేసి డబ్బు వసూలు చేసే ఆటలో సాదాగా ఎగిరితే మళ్ళీ ఎవరు పిలుస్తారు? బేరం కుదుర్చుకుని పిల్లలకి బుద్ధులు చెప్పినట్టుంది ఆ ఉత్తరం.

హాక్సీ, రాల్ఫ్ జాన్‌స్టన్ ఇద్దరూ జట్టులో జంట తారలు. జాన్‌స్టన్ అంతకుముందు సైకిలు ఫీట్లు చేసినవాడు. అక్టోబర్‌లో న్యూయార్క్ దగ్గర బెల్మాంట్ పార్క్ పోటీలో ఇద్దరూ ఎత్తు కోసం పైకి పోతే గాలికి విమానాలు వెనక్కి కొట్టుకుపోయాయి. ముక్కు మైదానం వైపే ఉంది, విమానం మాత్రం వెనక్కి వెనక్కి పోతోంది. మైళ్ళ దూరాన పొలాల్లో దిగారు. ఆ పోటీలోనే జాన్‌స్టన్ 9,714 అడుగులు ఎక్కి ప్రపంచ రికార్డు కొట్టాడు. అదే మనిషి మూడు వారాల లోపే, నవంబర్ 17న డెన్వర్‌లో, ఏ రికార్డూ లేని మామూలు టికెట్ల ఆటలో, సుడి తిరుగుతూ దిగుతుండగా రెక్క విరిగి పడ్డాడు. పడిన చోటికి జనం పరుగెత్తారు, కాపాడటానికి కాదు. విరిగిన చెక్కలు, బట్ట ముక్కలు, చివరికి అతని చేతి తొడుగులు కూడా గుర్తుగా దాచుకోవడానికి పీక్కున్నారు. విమానంలో నుంచి పొడుచుకొచ్చిన కర్ర శరీరంలో ఉంటే దాన్ని కూడా లాగినవాడు ఉన్నాడు.

దీన్ని చదివి "ఆ కాలం అమెరికావాళ్ళు ఎంత మొరటువాళ్ళు" అనబోయి ఆగాను. 2010 మార్చి 3న బేగంపేటలో ఎయిర్ షో మొదటి రోజు, నౌకాదళం సాగర్ పవన్ జట్టు విమానం ఒకటి బోయిన్‌పల్లిలో ఇళ్ళ మధ్య కూలింది, ఇద్దరు పైలట్లూ చనిపోయారు. నేనప్పుడు ప్యారడైజ్ దగ్గర ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం టీ టైముకల్లా ఎవరి ఫోన్లోనో ఆ వీడియో వచ్చేసింది. బ్లూటూత్‌లో ఒకరి నుంచి ఒకరికి ఎక్కించుకున్నాం. చిన్న స్క్రీన్ మీద నలుగురం తలలు ఆనించి చూశాం. అయిపోగానే "మళ్ళీ పెట్టు" అన్నాను. నేనే అన్నాను. మూడుసార్లు చూశాను. నా పాత ఫోను ఎక్కడో అటక మీద ఉంది, అందులో ఇప్పటికీ ఉండొచ్చు. డెన్వర్ చేతి తొడుగులకీ దానికీ తేడా చెప్పమంటే నేను చెప్పలేను.

నా వాదనకి అడ్డం వచ్చేవి కూడా చెప్పాలి. హాక్సీ 1910 డిసెంబర్ 31న లాస్ ఏంజలెస్‌లో చనిపోయింది ఎత్తు రికార్డు కోసమే. ఐదు రోజుల ముందు తనే 11,474 అడుగులు ఎక్కాడు, దాన్ని తనే కొట్టాలని మళ్ళీ వెళ్ళాడు. అదే రోజు న్యూ ఆర్లియన్స్‌లో మోయిజాంట్ అనే పైలట్ ఒక కప్పు కోసం సిద్ధమవుతూ విమానంలో నుంచి విసిరేసినట్టు పడి పోయాడు. సెప్టెంబర్‌లో చావెజ్ అనే కుర్రాడు ఆల్ప్స్ పర్వతాలు దాటాడు, దాటి అవతల డొమొడోస్సొలాలో దిగబోతూ పడి నాలుగు రోజులకి కన్నుమూశాడు. అది మిలాన్ సభవాళ్ళు గడువు పెట్టి ప్రకటించిన బహుమతి. వీటిని పోటీ ఖాతాలో రాయక తప్పదు. చావెజ్ విషయంలో మాత్రం ఒక్క మాట. గడువన్నది కూడా గడియారమే, కానీ రీమ్స్ గడియారం లాంటిది కాదు. అది ఎంతసేపు ఎగిరావని అడిగింది, ఇది ఎప్పుడు ఎగురుతావని అడిగింది.

జనం పైలట్లనే చంపారా అంటే, తిరిగి వాళ్ళకీ తగిలింది. 1911 మే 21న పారిస్ నుంచి మాడ్రిడ్‌కి పందెం మొదలైన పొద్దున జనం మైదానంలోకి చొచ్చుకొచ్చారు. వాళ్ళని సర్దడానికి గుర్రాల మీద సైనికులొచ్చారు. ట్రైన్ అనే పైలట్ (పేరే అది, రైలు కాదు) ఇంజను సరిగ్గా లేక దిగబోతూ, గుర్రాలని తప్పించబోయి పెద్దమనుషుల గుంపు మీదికి పోయాడు. ఫ్రాన్సు యుద్ధమంత్రి బెర్టో అక్కడికక్కడే చనిపోయాడు, ప్రధానమంత్రి మోనిస్‌కి దెబ్బలు తగిలాయి.

మన దేశంలో ఈ తమాషా తొలిరోజుల్లో జరిగిన ఎగరడాల్లో నాకు నచ్చింది అలహాబాద్‌ది. 1911 ఫిబ్రవరి 18న, అక్కడి ఎగ్జిబిషన్‌కి విమానంతో వచ్చిన ఫ్రెంచి కుర్రాడు పెకే, 6,500 ఉత్తరాల మూట పెట్టుకుని యమున దాటి నైనీలో దిగాడు. పదమూడు నిమిషాలు. ప్రపంచంలో మొదటి అధికారిక విమాన తపాలా అదే. జనం పైకి చూసి వేళ్ళు చూపించుకునే ఉంటారు, కానీ ఆ మూటకి చప్పట్లతో పని లేదు.

లింకన్ బీచీ అని అమెరికాలో అందరికంటే పేరుమోసిన విన్యాసగాడు 1913లో నేనిక ఎగరనన్నాడు. జనం నా చావు చూడ్డానికే వస్తున్నారని బహిరంగంగానే చెప్పాడు. కొద్ది నెలలకే మళ్ళీ ఎక్కాడు. 1915 మార్చి 14న శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జిబిషన్‌లో, వేలమంది చూస్తుండగా, రెక్కలు విరిగి సముద్రపు పాయలో పడ్డాడు.

ఆ మధ్య మా అక్క కొడుకుని తీసుకుని ఒక ఎయిర్ షోకి వెళ్ళాను. పొద్దున పదకొండింటికన్నారు. మంచు తెర ఇంకా విడలేదు, కాసేపట్లో చెప్తాం అని మైకులో అన్నారు. పన్నెండయింది. తలమీద ఎండ కూడా లేదు, ఒక తెల్లటి మసక. సమోసాలు అయిపోయాయి. ముందు వరసలో ఒకాయన లేచి "ఇంతమంది పిల్లల్ని పెట్టుకుని ఏం కూచోబెడతారండీ" అని ఎవరికో వినపడేలా అన్నాడు. మావాడు నా చొక్కా లాగి, "మామయ్యా, ఇంకెప్పుడు ఎగరేస్తారు?" అన్నాడు. నేను ఫోన్లో టైము చూసి, "ఏమోరా, టైమంటే లెక్కే లేదు వీళ్ళకి" అన్నాను.